‘ఉప’ అంటే దగ్గర

నిఘంటువు ఆఫీసు, మేడ మీది గది
ఎండలు తగ్గుతున్న రోజులు

వదినకు నమస్కారాలు.

నేను ఇక్కడ బాగున్నాను, మీ ఇద్దరూ అక్కడ బాగున్నారనుకుంటున్నాను. ఉత్తరం రాసి చాలా కాలమైందని నువ్వు మూతి ముడుచుకునే ఉంటావు. ఈసారి నా అవసరం కొద్దీ రాస్తున్నాను గనక పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

మా నిఘంటువు మొదటి సంపుటం ‘అ’తో మొదలై ‘ఉ’తో ముగుస్తుంది. వానలు వెనకబట్టేలోగా ప్రెస్సుకు ఇవ్వకపోతే ఆఫీసు మూసేస్తామని పైవాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. ‘అ’ మొదలుపెట్టేనాటికి నా జుట్టంతా నల్లగా ఉండేది, ఇప్పుడు నువ్వు చూస్తే నవ్వుతావు. ప్రస్తుతం ‘ఉప’ దగ్గర ఇరుక్కున్నాను. ఉప అంటే దగ్గర. చిన్న ముక్కే కానీ దేనికి తగిలిస్తే దాన్ని మనిషి పక్కకి లాక్కొస్తుంది. చారం అంటే మసలడం, ఉపచారం అంటే దగ్గర మసలడం. మీ నర్సులు పొద్దస్తమానం చేసే పని అదే కదా. ద్రవం అంటే పరుగు, ఉపద్రవం అంటే మీదికి పరుగెత్తుకొచ్చేది. మనం ఏ ఆపద ముంచుకొచ్చినా ఉపద్రవం అనేస్తాం గానీ, పాత వైద్యులు ఒక జబ్బు వెనకే వచ్చిపడే ఇంకో జబ్బుకి ఆ మాట వాడారు.

ఇక నీతో పని. పుస్తకాల్లోంచి తెచ్చిన ఉదాహరణ వాక్యాలు మా పెద్దాయనకు పనికిరావు. ఆయన ప్రధాన సంపాదకుడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. మాటను రోజూ వాడేవాళ్ళ నోటి వాక్యమే కావాలంటాడు. ఆసుపత్రి మాటలకి నిన్ను మించిన వాళ్ళు నాకెవరు దొరుకుతారు? ఉపకారం, ఉపచారం, ఉపద్రవం. మాటకొక చీటీ, చీటీకొక వాక్యం. పొట్టిగా ఉండాలి, ఎవరి పేరూ ఉండకూడదు, ముందూ వెనకా తెలియకపోయినా అర్థం కావాలి. అన్నయ్య నన్ను చీటీ అని పిలిచేది ఈ చీటీల పిచ్చి చూసే కదా.

అన్నయ్య దగ్గు తగ్గిందా? రంగు డబ్బాల గదిలో పడుకోవద్దని నేను చెప్పానని చెప్పు. బోర్డులు రాసేవాడికి టర్పెంటైను వాసన లేకపోతే నిద్ర పట్టదంటాడు, ఆ కబుర్లు నా దగ్గర చెప్పొద్దను. పుస్తకం ప్రెస్సుకు ఇచ్చిన మర్నాడే బండెక్కుతాను.

నీ మరిది,
చీటీ


ఆసుపత్రి, నర్సుల గది
మొదటి వాన పడిన రోజు

చిరంజీవి చీటీకి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం డ్యూటీ మధ్యలో చదివాను. ఇన్నేళ్ళుగా ఉపచారం చేస్తున్నాను గానీ ఆ మాట లోపల ఏముందో ఎప్పుడూ విప్పి చూడలేదు. మాకు కట్లు కట్టడమే వచ్చు. దగ్గర మసలడం అన్నావు, బాగుంది.

అన్నయ్య సంగతి అడిగావు. అక్కడే చిక్కొచ్చింది. నీ పుస్తకం ప్రెస్సుకు వెళ్ళేదాకా ఇంటి కబురు ఒక్కటి కూడా నీకు రాయనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. కారణం నీకూ తెలుసు. నిచ్చెన మీంచి పడి ఆయన కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నువ్వు అన్నీ వదిలేసి వచ్చి మంచం పక్కన కూర్చున్నావు. అక్కడేమో మేడ కప్పు కారి, నువ్వు చెప్పుల పెట్టెల్లో దాచుకున్న ‘అ’ చీటీలన్నీ ముద్దయిపోయాయి. “నా కాలు తొందరగానే అతుక్కుంది గానీ వాడి అక్షరం అతుక్కోవడానికి ఏడాది పట్టింది” అని ఆయన ఇప్పటికీ తల్చుకుని బాధపడతారు. మీ పెద్దాయన నిన్ను అప్పుడే తీసేయబోయాడని కూడా ఆయన మర్చిపోలేదు.

అందుకని కబుర్లు అడక్కు. వాక్యాలు అడిగావు, వాక్యాలే పంపుతున్నాను. వాటికి ఒట్టు అడ్డం రాదనుకుంటాను. శ్రద్ధగా చదువు.

ఉపకారం: చెప్పొద్దన్నది చెప్పకపోవడం ఉపకారమో అపకారమో తెలియడం లేదు.

ఉపచారం: ఎందరికో ఉపచారం చేసిన ఈ చేతులు సొంత మనిషి దగ్గరకొచ్చేసరికి పని మర్చిపోతున్నాయి.

ఉపద్రవం: ఆరో నంబరు మంచం మీద ఆయనకి దగ్గు అసలు జబ్బు కాదట, లోపల పెరిగినదానికి అది ఉపద్రవమట.

ఉంటాను. వేళకి తిను.

మీ వదిన


నిఘంటువు ఆఫీసు, మేడ మీది గది
ముసురు పట్టిన వారం

వదినకు నమస్కారాలు.

నీ చీటీలు అందాయి. పెద్దాయనకు చూపిస్తే “ఎవరయ్యా ఈవిడ, మాట ప్రాణంతో ఉంది” అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు రావడం నేను చూడటం ఇదే మొదలు. క్షేమం కబురు లేకుండా ఉత్తరం మొదలుపెట్టావు, అది కూడా నాకు నచ్చింది. ఆ పాత ఒరవడి ఎన్నాళ్ళని మోస్తాం?

ఒట్టు సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అన్నయ్య చాదస్తం నాకు కొత్తా? సరే, కబుర్లు అడగను. వచ్చాక ఇద్దరి దగ్గరా వడ్డీతో వసూలు చేస్తాను.

వాక్యాలు కాస్త దిద్దాను, ఏమనుకోకు. మొదటిదాంట్లో ‘చెప్పొద్దన్నది చెప్పకపోవడం’ నోరు తిరగడం లేదు. ‘ఉపకారమో అపకారమో తెలియడం లేదు’ అంటే చాలు. రెండోదాంట్లో సొంత మనిషి ఎవరని చదివేవాడు అడుగుతాడు, అందుకని ‘ఎందరికో ఉపచారం చేసిన చేతులివి’ అని ఆపేశాను. మూడోదాంట్లో మంచం నంబరెందుకు చెప్పు? పైగా ‘ఆయన’ ఎవరో ముందు చెప్పకుండా ఆయన అనకూడదని మా ఆఫీసు నియమం. లోపల పెరిగిందేదో కూడా తీసేశాను, భయపెట్టేలా ఉంది. ‘దగ్గు అసలు జబ్బు కాదు, ఉపద్రవం’. చూడు, ఎంత శుభ్రంగా ఉందో.

ఇంకో రెండు మాటలు. ఉపవాసం. వాసం అంటే ఉండటం, ఉపవాసం అంటే దగ్గర ఉండటం. మనసంతా ఒకరి దగ్గర పెట్టి కూర్చున్నవాడికి తిండి గుర్తుండదు, అలా తిండి మానేయడమనే అర్థం వచ్చి ఉంటుందని పెద్దాయన అంటాడు. రెండోది ఉపశమనం. శమనం అంటే చల్లారడం. బాధ దగ్గరికి వెళ్ళి దాన్ని నెమ్మదింపజేయడం ఉపశమనం. నయం చేయడం వేరు, ఇది వేరు. ఆ తేడా నీకు నేను చెప్పాలా?

అన్నట్టు మీ ఆసుపత్రిలో ‘ఉపశమన విభాగం’ బోర్డు అన్నయ్య రాసిందే కదా. నీలం మీద తెల్లక్షరాలు. సుద్ద పూసిన దారం ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస పట్టి గీత కొట్టేవాడు. దారం కదిపానని నెత్తిన మొట్టికాయ కూడా వేశాడు. ఆ వాక్యం తొందరగా పంపు, ఆ కాగితాలు టైపుకి వెళ్ళాలి.

చీటీ


ఆసుపత్రి, ఉపశమన విభాగం
బుధవారం

చిరంజీవి చీటీకి వదిన ఆశీస్సులు.

పైన చిరునామా మారింది, గమనించు. డ్యూటీ ఈ వార్డుకి మార్పించుకున్నాను.

నీ దిద్దుబాట్లు చూశాను. నీ పని నీకు తెలుసు, కాదనను. కానీ నువ్వు కొట్టేసిన మాటల్ని నేను ఏరి చూసుకున్నాను. నాకు కావలసినవన్నీ నువ్వు కొట్టేసిన వాటిలోనే ఉన్నాయి. నేను నీ అంత చదువుకున్నదాన్ని కాకపోవచ్చు గానీ ఒక్క మాట కూడా ఊరికే రాయలేదురా అబ్బాయ్.

నువ్వు పంపిన మాటలు ఇక్కడ ఒక పేషెంటుకి చదివి వినిపిస్తున్నాను. ఉప అంటే దగ్గర అని చెబితే “అయితే ఉప్పు కూడా ఆ ఇంటిదేనా? డాక్టరు దాన్నెందుకు దూరం పెట్టమన్నాడు మరి?” అని అడిగారు. వార్డంతా నవ్వింది. ఆయన నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే ఆయాసం వస్తుంది. అయినా నవ్వించకుండా ఉండలేరు.

ఉపవాసం: గొంతు దిగక ఆయనా, ఆయన్ని చూస్తూ నేనూ, ఇద్దరం ఉపవాసం ఉన్నాం.

ఉపశమనం: నయం చేయడం మా చేతుల్లో లేదు, ఇక ఉపశమనం ఒక్కటే మిగిలిందని చెప్పి, తన చేత్తో రాసిన బోర్డు కిందనుంచే ఆయన్ని లోపలికి తోసుకెళ్ళమన్నారు.

ఈ రెండూ ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి చదువు. దణ్ణం పెడతాను.

మీ వదిన


నిఘంటువు ఆఫీసు
హడావుడిలో

వదినకు నమస్కారాలు.

ఊపిరి సలపడం లేదు, రెండు ముక్కల్లో రాస్తున్నాను. ప్రెస్సువాళ్ళు కాగితాల కోసం గుమ్మంలోనే కూర్చున్నారు.

మీ పేషెంటు మహా గడుసువాడిలా ఉన్నాడు. ఉప్పు అచ్చ తెలుగు పిల్ల, ఉప ఇంటికి ఏమీ కాదని చెప్పు. ఆయన ప్రశ్న మా పెద్దాయనకు చెబితే ఆయన కూడా నవ్వాడు.

బోర్డు సంగతి నేను పోయిన ఉత్తరంలో రాస్తే, దాన్నే పట్టుకొచ్చి వాక్యంలో పెట్టేశావు! తెలివే, ఒప్పుకుంటాను. కానీ ఆ చేత్తో రాసినవాడెవడు, లోపలికెందుకు వెళ్ళాడు అని చెప్పుకుంటూ పోతే అది కథవుతుంది వదినా, మనది నిఘంటువు. ‘నయం చేయడం మా చేతుల్లో లేదు, ఉపశమనం ఒక్కటే మిగిలింది’ అని ఉంచాను. ఉపవాసంలో ఇద్దరెందుకు, ఒకరు చాలు. ‘గొంతు దిగక ఉపవాసం ఉన్నాడు’. టైపుకి ఇచ్చేశాను.

చివరి రెండు మాటలు. ఉపాయం, అంటే దగ్గరికి చేరే దారి. ఉపేక్ష, ఈక్ష అంటే చూపు. దగ్గరుండి చూస్తూ కూడా ఊరుకోవడం. ఈ రెండూ వస్తే నేను గట్టెక్కినట్టే. అన్నయ్యకి చెప్పు, ఇంక ఎన్నాళ్ళో లేదని.

చీటీ


ఆసుపత్రి, ఉపశమన విభాగం

చీటీకి,

ఉపాయం: ఉత్తరంలో రాయనని ఒట్టు వేసినదానికి చీటీల మీద రాయడం ఒక్కటే ఉపాయం.

ఉపేక్షకి నా దగ్గర వాక్యం లేదు. నువ్వే రాసుకో.

నేను పంపిన చీటీలన్నీ ఒకచోట పెట్టు. నువ్వు ఉంచిన మాటలు వదిలెయ్, కొట్టేసినవి మాత్రం వరసగా చదువు. పైకి చదువు. దిద్దకు. ఇంతకు మించి నేను ఒట్టు దాటలేను.

వదిన


నిఘంటువు ఆఫీసు
నీ ఉత్తరం అందిన పూట

వదినా,

సొంత మనిషి. ఆరో నంబరు మంచం. ఆయనకి. లోపల పెరిగినదానికి. ఆయన్ని చూస్తూ నేనూ. ఇద్దరం. తన చేత్తో రాసిన బోర్డు.

చదివాను. పైకే చదివాను. టైపిస్టు మిషను ఆపి నా వైపు చూసింది. నేను కొట్టేసినవి కూడా చీటీల మీద చదివి, ఆమెకు అన్నీ ముందే అర్థమయ్యాయట. “మీకు తెలిసే రాయిస్తున్నారనుకున్నాను సార్” అంది. ఒక్కో వాక్యాన్ని నాలుగైదు సార్లు చదివాను వదినా. పొడుగెంతుందో చూశాను, నోరు తిరుగుతుందో లేదో చూశాను. ఏం చెబుతోందో చూడలేదు. నువ్వు పిలుస్తుంటే నీ గొంతు బాగుందని మెచ్చుకుంటూ కూర్చున్నాను.

ఈ రోజు బండికి టికెట్టు దొరకలేదు, రేపటిదానికి దొరికింది. ఈ ఉత్తరం తపాలా సంచీలో నాకన్నా ముందు వస్తుంది. ఒక్క సాయం చెయ్యి. పుస్తకం పూర్తయి ప్రెస్సుకు వెళ్ళిపోయిందని అన్నయ్యకి చెప్పు. పూర్తి కాలేదు. అయినా చెప్పు. అప్పుడు నీ ఒట్టు తీరిపోతుంది, నేను రావడానికి ఆయన కోప్పడడు. ఇక్కడున్న ప్రూఫులన్నీ కుట్టించి, అట్ట వేయించి, పుస్తకంలా చేసి తెస్తున్నాను.

నేను వచ్చేదాకా ఆగమని చెప్పు. ఎలా చెబుతావో నాకు తెలియదు. చెప్పు.

చీటీ


ఉపశమన విభాగం, ఇక్కడా ఆరో మంచమే
నువ్వు వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో

ఒరేయ్ చీటీ,

చేరావా? బండిలో సీటు దొరికిందా, నిలబడే పోయావా? పెన్సిలుతో రాస్తున్నాను, మీ వదిన అట్ట పట్టుకుంది. అక్షరాలు వంకర పోతే దారం నువ్వు సరిగ్గా పట్టలేదనుకో.

నీకో సంగతి చెప్పాలి. నువ్వు తెచ్చింది పుస్తకం కాదని నాకు ఆ రోజే తెలుసు. అట్ట మీద బంక ఇంకా తడిగా ఉందిరా! జన్మంతా రంగులు పూసినవాడికి తడీ పొడీ వేలితో తెలియదనుకున్నావా? పైగా ‘ఉపవాసం’ దాకా అచ్చు ఉంది, ఆ తర్వాతంతా తెల్ల కాగితాలు. చిన్నప్పుడూ నీకు అబద్ధం చెప్పడం చేతకాలేదు, ఇప్పుడూ అంతే.

తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటే, నువ్వు పక్కన ఉంటే బాగుంది గనక. నా కాళ్ళు పట్టావు, గడ్డం గీశావు, మీ పెద్దాయన ఎలా తిడతాడో చేసి చూపించావు. అన్ని రోజులూ దొంగతనంగా దాచుకున్నాను. తర్వాత భయమేసింది. ఆ పుస్తకం నా మూలంగా ఇంకోసారి పాడైతే ఆ బరువు మోసుకుంటూ పోలేనురా. అందుకే కసురుకుని పంపించాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి వెనక్కి చూస్తే నేను గోడవైపు తిరిగాను, ఎందుకో నీకు తెలుసు.

మీ వదిన మీద కోపం లేదు నాకు. ఒట్టు నిలబెట్టింది, నిన్నూ రప్పించింది. అంత గడుసుదని తెలిసుంటే ఒట్టు ఇంకాస్త గట్టిగా వేయించుకునేవాణ్ణి.

ఒకటి అడుగుతాను. నువ్వు కొట్టేసిన ఆ బోర్డు ముక్క మళ్ళీ పెట్టు. నా బోర్డులు ఎన్ని ఉన్నాయో ఈ ఊళ్ళో. అన్నీ ఎండకి వెలిసి, వానకి పెచ్చులు లేచి పోయేవే. కొట్టు చేతులు మారితే దాని మీదే ఇంకోడు రాసేస్తాడు. పుస్తకంలో అయితే రంగు పోదట కదా.

ఇంకోటి. ఉప అంటే దగ్గర అని ఇప్పుడు చెబుతున్నావు. ఆ బోర్డు రాసేనాడు దారం పట్టుకుని నిలబడ్డావే, అప్పుడెందుకు చెప్పలేదురా? ఏదో పెద్ద జబ్బు పేరనుకుని భయం భయంగా రాసి దిగిపోయాను. దగ్గర అని తెలిస్తే ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి.

ఆయాసం వస్తోంది. మీ వదిన పెన్సిలు లాక్కుంటోంది.

అన్నయ్య


నిఘంటువు ఆఫీసు, మేడ మీది గది

అన్నయ్యకి,

సీటు దొరికింది. కానీ కూర్చోలేకపోయాను, తలుపు దగ్గరే నిలబడ్డాను.

బోర్డు మళ్ళీ పెట్టాను. టైపు చేసిన కాగితం చింపేసి, వదిన రాసిన వాక్యం రాసినట్టే, ఒక్క అక్షరం తీయకుండా, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుకి నా చేత్తో ఇచ్చాను. పెద్దాయన చూసి “ఇంత పొడుగేమిటి, ఆయన ఎవరు?” అన్నాడు. “మా అన్నయ్య” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని “ఉండనీ” అన్నాడు. ఉపచారం, ఉపద్రవం, ఉపవాసం, ఉపకారం కూడా తీసి మళ్ళీ పేర్పించాను. కంపోజిటరు కాసేపు గొణిగాడు గానీ చేశాడు.

నాకు చెప్పడం చేతకావడం లేదు అన్నయ్యా. నేను ఇన్నేళ్ళుగా మాటలకి అర్థాలు రాస్తున్నాను, నీకు ఉత్తరం రాయాలంటే ఒక్క మాటా తట్టడం లేదు. నీకోసం నాకు ఏడుపొస్తోంది. అంతే. ఇంతకన్నా మంచిగా రాయడం రాదు. అమ్మ ముఖం నాకు గుర్తులేదు, నాన్న గొంతు గుర్తులేదు, నువ్వు గోడ మీద బొగ్గుతో రాసిచ్చిన ‘అ’ మాత్రం గుర్తుంది. నేను దిద్దుతుంటే దాని పొట్ట లోపలికి పోయిందని నా చెయ్యి పట్టుకుని తిప్పావు. ఈ పుస్తకం అక్కడ మొదలైంది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే నేను నీ పేరే చెబుతాను.

ఆఖరి ప్రూఫు చూస్తున్నాను. అది ఇచ్చేసి, అట్ట తడి ఆరిన పుస్తకం పట్టుకుని వస్తాను. ఈసారి అబద్ధం కాదు. దారం ఒక కొస నువ్వు పట్టుకునే ఉండు, రెండో కొస నా చేతిలోనే ఉంది. కదపను.

నీ చీటీ


నిఘంటువు ఆఫీసు, మేడ మీది గది
చలి మొదలైంది

వదినకు నమస్కారాలు.

పుస్తకం పంపుతున్నాను. అట్ట పొడిగానే ఉంది.

టెలిగ్రాం అందేసరికి చివరి కాగితం నా చేతిలోనే ఉంది. నేను వచ్చేసరికి అన్నయ్యని ఇంటికి తెచ్చేశారు, పెయింటర్లందరూ వాకిట్లో కూర్చుని ఉన్నారు, అన్నయ్య వేళ్ళ సందుల్లో తెల్ల రంగు అలాగే ఉంది. ఆ జనంలో నిన్ను ఒక్క మాటా అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. నా ఉత్తరం అన్నయ్యకి అందిందా? ఎవరైనా చదివి వినిపించారా?

ఉపేక్షకి వాక్యం నేనే రాశాను. ‘ఎదురుగా ఉన్నదాన్ని పదే పదే చదివి కూడా చూడలేకపోవడం ఉపేక్ష.’ పుస్తకంలో చూడు. కఠినంగా ఉంటే ఉండనీ.

నా మీద నీకు కోపం ఉందో లేదో రాయి. ఉంటే ఉందని రాయి.

చీటీ


ఆసుపత్రి, ఉపశమన విభాగం
మధ్యాహ్నం, వార్డు నిద్రపోతున్న వేళ

చిరంజీవి చీటీకి వదిన ఆశీస్సులు.

పుస్తకం వచ్చింది. నర్సులందరూ మీద పడి చూశారు. నా వాక్యం అచ్చులో చూసుకుంటే నాది కాదేమో అనిపించింది. ఉపశమనం దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

కోపం ఉంది. లేదంటే అబద్ధమే. నీ మీద ఉంది, అంతకన్నా ఆయన మీద ఎక్కువ ఉంది. పుస్తకం పుస్తకం అని ఇద్దరూ కలిసి నన్ను ఒంటరిదాన్ని చేశారు. ఆ రోజు నువ్వు ఉండాల్సింది. ఉపేక్షకి నువ్వు రాసింది కఠినంగానే ఉంది. ఉండనీ. కోపం ఉన్నంత మాత్రాన నువ్వు నాకేమీ కాకుండా పోవు, అది కూడా రాసి పెట్టుకో.

నీ ఉత్తరం అందింది. ఆయన చూపు అప్పటికే మసకబారింది, నేనే చదివాను. బోర్డు మళ్ళీ పెట్టావన్న దగ్గర కళ్ళు తెరిచి “పొడుగంతా ఉందా?” అన్నారు. ఉందన్నాను. అయిపోయాక ఇంకోసారి చదవమన్నారు. చదివాను. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. గోడ మీద బొగ్గుతో ‘అ’ రాసిచ్చిన చోటికి వచ్చేసరికి ఆగిపోయారు. నేను నర్సుని, నాకు వెంటనే తెలిసిపోయింది. డాక్టర్ని పిలవాలి. పిలవలేదు. నీ ఉత్తరం చివరిదాకా, దారం కదపను అన్నదాకా, అదే గొంతుతో చదివి, ఆ తర్వాత పిలిచాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా వార్డు బోర్డు పెచ్చులు లేచింది. కొత్తగా రాయిస్తామంటూ ఆఫీసువాళ్ళు ఒక పెయింటర్ని పంపారు. ముందు వద్దనబోయాను. తర్వాత ఆయన మాట గుర్తొచ్చి రాయమన్నాను. అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయించాను. సుద్ద దారం ఒక కొస నేనే పట్టుకున్నాను.

రెండో సంపుటం ఎప్పుడు మొదలుపెడతావు? ఉ తర్వాత ఊ వస్తుంది కదా. ఊరు, ఊయల, ఊసు, అన్నీ నీ ఇష్టం వచ్చినవాళ్ళకి పంచు. ఊపిరి మాత్రం ఇంకెవరికీ పంపకు. దాని వాక్యం నేను రాస్తాను. ఎంత పొడుగైనా సరే, దిద్దకు.

మీ వదిన